దుప్పికి విస్తరి వేసిన వెలగ మొక్క

అనగనగా ఒక కోన. ఆ కోనకు రాజూ లేడు, మంత్రీ లేడు. ఉన్నవల్లా ఆకులు, ఆ ఆకులు మేసే నోళ్ళు.

తొలకరి పడగానే అక్కడొక వెలగ మొక్క మొలిచింది. పేరు వెలగయ్య. మనిషి మూరెడే గానీ మర్యాద బారెడు. వచ్చినవారిని "భోంచేసి వెళ్ళండి" అనకుండా పంపకూడదని వాళ్ళ వంశాచారం. ఆచారమైతే నేర్చాడు గానీ, వడ్డించడానికి తన దగ్గర తాను తప్ప మరేమీ లేదని పాపం వాడికి తోచలేదు.

ఒకనాటి పొద్దున చుక్కలయ్య అనే దుప్పి అటుగా వచ్చాడు. కొమ్ములున్న పెద్దమనిషి. వెలగయ్య తల వంచి, "రండి బాబాయిగారూ, భోంచేసి వెళ్ళండి" అన్నాడు.

ఇప్పుడే గడ్డి తిని వస్తున్నాను, వద్దులే అన్నాడు చుక్కలయ్య. వెలగయ్య ఊరుకోక బతిమాలాడు.

"నువ్వింత ఇదిగా పిలిచాక కాదంటే బాగుండదబ్బాయ్" అని, చుక్కలయ్య వాడి తలను పైకెదిగే నడిమి మొవ్వుతో సహా నమిలేసి, వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళాడు.

మట్టి కింద వేరవ్వ ఉంది. ఆమె వెలగయ్యకు వేరు. చీకట్లో కూర్చుని మనవడికి సారం పంపడమే ఆమె పని. పైన ఏమైందని అడిగింది. విని, దాచిన సారంలో కాస్త తీసి పంపింది. మళ్ళీ చిగురు లేచింది.

చుక్కలయ్య మళ్ళీ వచ్చాడు. వెలగయ్య ఈసారి తెలివి తెచ్చుకుని భోజనం మాటే ఎత్తలేదు. మంచినీళ్ళయినా పుచ్చుకోమన్నాడు. చుక్కలయ్య ఆకుల మీది మంచునీళ్ళు పుచ్చుకున్నాడు, ఆకులతో సహా.

పక్కనే గరుకన్న అని ఒక టేకు మొక్క. వాడి ఆకు గరుకు, దుప్పులు మూతి పెట్టవు. అందుకని వాడికి ఒకటే నవ్వు. "ఏరా, తల ఇంట్లోనే ఉందా, చుట్టాలకు పెట్టేశావా?"

వేరవ్వ మాత్రం నవ్వలేదు. "నాయనా, ఇంకొక్క చిగురుకే సారముంది నా దగ్గర. అదీ పోతే నువ్వూ లేవు, నేనూ లేను" అంది.

వచ్చినవారిని పొమ్మంటే వంశానికి చెడ్డపేరు కదా అని వెలగయ్య ఏడ్చాడు.

"పొమ్మని ఎవరన్నారు? చుట్టానికి వసారాలో విస్తరి వేస్తాం గానీ, వంటింట్లో పొయ్యి మీద కూర్చోబెడతామా?" అంది వేరవ్వ.

వెలగయ్య పొద్దుగూకేదాకా ఆలోచించాడు. ఆ చివరి చిగురును పైకి లేపక, నేలబారుగా నలుదిక్కులా పరిచాడు. నడుమ నడుమ ముళ్ళు.

మూడోసారి చుక్కలయ్య వచ్చాడు. వెలగయ్య మర్యాద తప్పలేదు, అంచున వడ్డించాడు. ముళ్ళ మధ్య ఏరుకు తినేసరికి చుక్కలయ్యకు నాలుగు ఆకులతోనే దవడ నొప్పి పుట్టింది. అతను కొరికిన ప్రతి కొసా రెండుగా చీలింది. రెండు నాలుగయ్యాయి. మిగిలిన ఆకులు ఎండలో వండిన సారమంతా కిందికి దిగితే, వేరవ్వ భద్రంగా దాచింది.

"చెట్టవుతావనుకుంటే పొదవయ్యావేంరా" అన్నాడు గరుకన్న. వెలగయ్యకు రోషం పొడుచుకొచ్చింది. ఒక్కసారి పైకి లేచి చూపిద్దామనుకున్నాడు. వేరవ్వ చుక్క సారం కూడా వదల్లేదు. రోషం దానంతటదే చప్పబడింది.

మూడు వేసవులు గడిచాయి. చుక్కలయ్య తింటూ తింటూ తన నోటితోనే కంచె కట్టేశాడు. పొద ఎంత వెడల్పయిందంటే, అతను మెడ ఎంత సాచినా నడిమికి అందదు. అప్పుడు వేరవ్వ దాచినదంతా ఒక్కసారి పైకి వదిలింది. పొద నడుమ మొవ్వు నిటారుగా లేచింది.

చుక్కలయ్య లొట్టలేస్తూ, "అబ్బాయ్, ఆ నడిమిది మహా లేతగా ఉన్నట్టుందే" అన్నాడు.

"అది వంటిల్లు బాబాయిగారూ. మా అవ్వ మడిలో ఉంది."

చుక్కలయ్య విననట్టు మెల్లగా మెడ దూర్చాడు. ముళ్ళు ముక్కుకు తగిలాయి. మూడు తుమ్ములు తుమ్మి వెనక్కి జరిగి, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూశాడు.

"మీ అవ్వది మహా గట్టి మడి" అని, మూతి నాక్కుని, వసారాలోనే కానిచ్చాడు.

మరుసటి వానలకు ఆ మొవ్వు చుక్కలయ్య కొమ్ములు దాటింది. ఇక దాన్ని అందుకునే నోరు ఆ కోనలో లేదు.

కనుక పిల్లలూ, వచ్చినవారికి పెట్టడం ధర్మమే, మొవ్వు తుంచి పెట్టడం మాత్రం తెలివితక్కువ.