మెయిల్లో పట్టని పెళ్ళికొడుకు

గంధంవారింట్లో అందరికీ తెలివి ఎక్కువ. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, వాళ్ళే అనుకున్నారు. "మన బుర్రలు ఇంకో నాలుగిళ్ళకి సర్దొచ్చు" అనేవాడు ఇంటిపెద్ద సత్తెయ్య. తమ్ముడు తాతబ్బాయి, భార్య మంగతాయారు, కొడుకు భద్రం ఒకేసారి తలలూపేవారు.

భద్రం మంచివాడు, భారీ మనిషి. ఎన్నాళ్ళకో ఒక సంబంధం వచ్చింది. అమ్మాయి సునంద. ఆమెను ఎవరిదో పెళ్ళిలో చూసినప్పటినుంచీ భద్రానికి అన్నం సయించక మూడుపూటలా గారెలే తింటున్నాడు. ఆమె తండ్రి మాత్రం ఖండితంగా చెప్పాడు. "ఫోన్లో చిన్న బొమ్మలు నాకు ఆనవండి. అబ్బాయి ఫోటో మెయిల్లో పంపండి. శుక్రవారంలోగా రాకపోతే వేరే సంబంధం చూసుకుంటాం."

ఇంట్లో ఓ పాత కంప్యూటరుంది. అందులో మెయిల్ ప్రోగ్రాం బుద్ధి పుడితే తెరుచుకుంటుంది, లేకపోతే లేదు. శుక్రవారం పొద్దున్నే తెరవబోతే పాస్‌వర్డ్ అడిగింది.

"ఎవరికీ చెప్పొద్దన్నారు కదా. దీనికెందుకు చెప్తాం?" అన్నాడు సత్తెయ్య.

"నిన్నా అడిగింది, మొన్నా అడిగింది. మననుంచి కూపీ లాగుతోందన్నయ్యా" అన్నాడు తాతబ్బాయి.

అంతే, ఎవరూ నోరు విప్పలేదు. చివరికి కొడుకు ఏడుపు మొహం చూడలేక మంగతాయారే ఉపాయం చెప్పింది. కంప్యూటర్ మీద దుప్పటి కప్పారు. అందరూ గోడవైపు తిరిగారు. భద్రం కళ్ళు మూసుకుని, దుప్పట్లో చెయ్యి దూర్చి పాస్‌వర్డ్ కొట్టాడు. ఎలాగో తెరుచుకుంది.

ఫోటో పెట్టారు. "దయచేసి వేచి ఉండండి" అంది. ఇంకేముంది, నలుగురూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. పొయ్యిమీద చారు పొంగిపోయింది, మంగతాయారు కదల్లేదు. గేదె తాడు తెంపుకొచ్చి గిన్నెలో అన్నం తింటుంటే తాతబ్బాయి కళ్ళతోనే అదిలించాడు. అంతా అయ్యాక ప్రోగ్రాం తీరిగ్గా చెప్పింది. "ఫోటో సైజు మరీ ఎక్కువ. తగ్గించి పంపండి."

"నా బిడ్డకి దిష్టి పెట్టింది, ముదనష్టపుది" అని మంగతాయారు మెటికలు విరిచింది.

"దాని తప్పేముందే? అంత సన్నటి తీగలోంచి వీడెలా దూరతాడు? ఒరేయ్, పొట్ట లోపలికి లాగు" అన్నాడు సత్తెయ్య.

లాగాడు. ఫోటో తీసి పెట్టారు. మరీ ఎక్కువ అంది. గొంతుక్కూర్చోబెట్టి తీశారు. ఎక్కువే. ఉంగరం తీయించారు, చొక్కా విప్పించారు, మంగలిని పిలిచి గుండు కొట్టించారు. ఎక్కువే. మధ్యమధ్య ప్రోగ్రాం దానంతటదే మూసుకుపోతోంది, మూసుకుపోయినప్పుడల్లా మళ్ళీ దుప్పటి.

"నాకింక పెళ్ళి కాదు నాన్నా" అని భద్రం బావురుమన్నాడు.

తాతబ్బాయి గంభీరంగా లేచాడు. "అన్నయ్యా, దూరంగా ఉన్న మనిషి చిన్నగా ఉంటాడు. నేను చాలాసార్లు గమనించాను."

అంతే, భద్రాన్ని తోలారు. వీధి దాటాడు, చేను దాటాడు, వంతెన దాటి కాలవ అవతలి గట్టున నిలబడ్డాడు. ఫోటోలో ఆవగింజంత ఉన్నాడు. ప్రోగ్రాం మూలిగింది, బిగుసుకుపోయింది, ఏం తోచిందో ఏమో సాయంత్రానికి "పంపబడింది" అంది. ఇంటిల్లిపాదీ గంతులేశారు.

మర్నాడు ఆ తండ్రి కూతుర్ని వెంటబెట్టుకుని దిగాడు.

"ఫోటో వచ్చింది బావగారూ. ఎంత పెద్దది చేసినా గట్టే కనబడుతోంది. మా అమ్మాయి పడీపడీ నవ్వి, మనిషినే చూద్దాం అంది. ఏడీ అబ్బాయి?"

సత్తెయ్య వీధిలోకి తీసుకెళ్ళి చూపించాడు. కాలవ అవతల నున్నటి గుండు ఒకటి మెరుస్తోంది.

"అంత దూరం ఎందుకు నిలబెట్టారండీ?"

"మీకు అందిన సైజు అదే కదండీ. దగ్గరికొస్తే పెరిగిపోతాడు."

సునంద మళ్ళీ నవ్వింది. "అయితే నేనే వెళ్తాను" అని వంతెన ఎక్కింది. 

"ఆగండి, దగ్గరికి రాకండి, నేను ఎక్కువైపోతాను" అని అరిచి భద్రం ఒక అడుగు వెనక్కేశాడు. ఆమె ముందుకొచ్చింది. అతను ఇంకాస్త వెనక్కి జరిగాడు. ఇంకేముంది, సాయంత్రానికి ఆ పెళ్ళిచూపులు పక్కూరి పొలిమేర దాటిపోయాయి.