మట్టి ఊరికి తలస్నానం

ఏటిగడ్డ నగరాన్నేలే మల్లభూపతికి కాళ్ళు తడిస్తే మహా కోపం. నిరుడు వానలకు మతి తప్పింది. నెలంతా కురవాల్సింది ఒక్క పూటలో కుమ్మరించేసరికి ఏరు పొంగి నేరుగా కొలువుకూటంలోకి వచ్చేసింది. రాజుగారు సింహాసనం మీద గొంతుక్కూర్చుని ఆ పూట పాలన సాగించారు. ఇక చూడండి ఆయనగారి పంతం. ఈ వానాకాలం తన కాలి బొటనవేలు కూడా తడవకూడదు, ఆ ఉపాయం చెప్పినవాళ్ళు కోరింది ఇస్తానని చాటింపు వేయించారు.

స్థపతి భుజంగరాయుడు మీసం దువ్వుకుంటూ ముందుకొచ్చాడు. కోటలూ గోడలూ కట్టించడంలో ఆయన్ని మించినవాడు ముల్లోకాల్లో లేడని ప్రతీతి. ఆ ప్రతీతి పుట్టించింది కూడా ఆయనే అనుకోండి. ఊరి చుట్టూ సందన్నది లేకుండా రాతిగోడ కట్టేస్తే, ఏరు కాదుగదా సముద్రమొచ్చినా బయటే పడుంటుందన్నాడు. కాకపోతే పల్లంలో ఉన్న కుమ్మరివీధి గోడకు అడ్డం, దాన్ని తీసేయాలి, వాళ్ళు మట్టి తవ్వుకునే గుంటల్ని పూడ్చి చదును చేయాలి అన్నాడు. రాజుగారు సరేనని తల ఊపేశారు.

పక్కనే తమలపాకులకు సున్నం రాస్తున్న బయ్యమ్మ చేయి ఆగిపోయింది. రాజుగారికి తాంబూలం అందించడం ఆమె కొలువు. కుమ్మరివీధి ఆమె పుట్టిల్లు. అన్నదమ్ములంతా అక్కడే కుండలు చేసుకు బతుకుతున్నారు. తాతలనాటి నుంచి వాళ్ళు మట్టి తవ్వగా తవ్వగా ఆ గుంటలు లోతుబడి, ఊళ్ళో కురిసిన వానంతా అక్కడికే చేరుతోంది. ఆ సంగతి చెప్పాలని ఆమె గొంతుదాకా వచ్చింది. కానీ ఆకులందించే మనిషి స్థపతిది తప్పంటే వినేదెవరు? పైకి నవ్వుతూ మళ్ళీ ఆకులకు సున్నం రాయసాగింది.

ఆ రాజ్యంలో ఒక ఆచారముంది. ఏది కట్టాలన్నా ముందు దాని బొమ్మను మట్టితో చేసి, నిండు కొలువులో దానికి స్నానం చేయించాలి. బొమ్మ ఆ స్నానానికి తట్టుకుంటేనే పునాదికి ముహూర్తం.

భుజంగరాయుడు పెద్ద ఇత్తడి పళ్ళెంలో ఊరు ఊరంతా చేయించి తెచ్చాడు. చుట్టూ కాల్చిన మట్టిగోడ, దానికి లక్కపూత. మధ్యలో రాజుగారి మేడ. మేడ ముందు వేలెడంత రాజుగారు, మీసాలతో సహా. మల్లభూపతి ఆ మీసాలు చూసి మురిసిపోయారు. కుమ్మరివీధి ఉండాల్సిన చోట పూలతోట ఉంది. బయ్యమ్మకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

భుజంగరాయుడు చెంబు ఎత్తి గోడ వెలుపల ధారగా నీళ్ళు పోశాడు. గోడ చెక్కుచెదరలేదు. సభంతా భేష్ అంది.

అప్పుడు బయ్యమ్మ తాంబూలం పళ్ళెం పట్టుకుని దగ్గరికొచ్చి, ఎంత గోడ, ఎంత గోడ అని బుగ్గలు నొక్కుకుంది. ఇందులోంచి నిజంగా చుక్క కూడా దాటదా అని అమాయకంగా అడిగింది.

భుజంగరాయుడు ఉబ్బిపోయాడు. “అటునుంచి ఇటు గానీ, ఇటునుంచి అటు గానీ ఒక్క చుక్క దాటిందా, పదవి వదిలేసి మీ వీధిలో కుండలు చేసుకుంటాను.”

సభ నవ్వింది. బయ్యమ్మ కూడా నవ్వి, రాజుగారికి దండం పెట్టింది. “ప్రభూ, ఆచారం సగమే జరిగింది. కాళ్ళు కడుక్కొచ్చి స్నానమైందంటే మా అమ్మ వీపు మీద ఒక్కటి వేసేది. స్నానమంటే నెత్తిన పోయాలి కదా?”

రాజుగారికి ఆ మాట సబబుగానే తోచింది. ఆచారంలో లోపం రాకూడదని తానే చెంబు అందుకుని, వాన కురిసినట్టు ఊరి నెత్తిన పోయసాగారు.

నీళ్ళు వీధులన్నీ తిరిగి పల్లానికి పరుగెత్తాయి. అక్కడ గుంటల్లేవు. పూలతోటను ముంచి, గోడకు తగిలి వెనక్కి మళ్ళాయి. అంగడివీధి మునిగింది. మేడ మెట్లు మునిగాయి. వేలెడంత రాజుగారికి మోకాళ్ళదాకా వచ్చాయి, నడుముదాకా వచ్చాయి, చివరికి మీసాలు కూడా కనబడలేదు. భుజంగరాయుడు గబుక్కున పళ్ళెం వంచబోతే రాజుగారు చేయి పట్టి ఆపారు.

“రాయుడూ, నేనెక్కడ?” అన్నారు మెల్లగా.

స్థపతికి పదవి కాదు, తలే పోతుందనుకున్నారంతా. బయ్యమ్మ చేతులు జోడించింది.

“ఆయన్నేమీ అనకండి ప్రభూ. అన్న మాట నిలబెట్టుకున్నారు. చుక్క కూడా బయటికి పోలేదు.”

మల్లభూపతి ఒక్క క్షణం ఆమెను, మరో క్షణం పళ్ళేన్ని చూశారు. అంతే, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టారు. మంత్రులు నవ్వారు, గుమ్మం దగ్గర భటులు నవ్వారు. రాజుగారు బయ్యమ్మను ఏం కావాలో కోరుకోమన్నారు.

గోడ ఏటివైపు మాత్రం కట్టించి, లోపలి నీళ్ళు పోవడానికి దానికి తూములు పెట్టించమని, తమ వీధినీ గుంటల్నీ తమకు వదిలేయమని బయ్యమ్మ అడిగింది. రాజుగారు అక్కడికక్కడే ఒప్పుకుని, మెళ్ళోని హారం తీసి ఆమె తాంబూలం పళ్ళెంలో పెట్టారు. ఆ రాతిగోడకు దన్నుగా పోసే మట్టంతా ఆ గుంటల్లోంచే తవ్వించాలని, తవ్వేచోట స్థపతి స్వయంగా నిలబడాలని ఆజ్ఞాపించారు. తలపాగా సర్దుకుని భుజంగరాయుడు కుమ్మరివీధికి బయల్దేరుతుంటే, సభ మళ్ళీ గొల్లుమంది.