రెండు లాంతర్లు, మూడు చుక్కలు

దీపం కనిపించిన వైపే వెళ్తే ఇల్లొస్తుందని మీకెవరు చెప్పారర్రా? ఆ దీపం మనింటిదేనని ఎవరైనా చూసొచ్చారా? ఊఁ, చలిగా ఉంది, దుప్పటి లాక్కుని వినండి.

అనగనగా ఒక పెద్ద సరస్సు, ఆ సరస్సు నడుమ ఒక లంక, ఆ లంకలో ఒక ఊరు. బడి మాత్రం అవతలి గట్టు మీద. పిల్లలంతా పొద్దున్నే కోటయ్య తాత దోనెలో బడికి పోయేవాళ్ళు, సాయంత్రం అదే దోనెలో తిరిగొచ్చేవాళ్ళు. వాళ్ళలో నాంచారి అని ఒక పిల్ల. "ఎందుకు?" అని అడగందే ముద్ద కూడా మింగేది కాదు.

ఆ ఊళ్ళో ఒక అలవాటుంది. పొద్దుగూకగానే రేవులో వెదురుగడకి లాంతరు కడతారు. నీళ్ళ మీదున్నవాళ్ళు దాని మీదే గురిపెట్టి, గెడకర్రతో దోనె తోసుకుంటూ ఇల్లు చేరతారు. తాతల నాటి నుంచీ అంతే.

చలికాలం వచ్చింది. బడి వదిలి సగం దూరం వచ్చేసరికే చీకటి. తాత దోనెకి లాంతరు తగిలించేవాడు. ఒకరోజు నీళ్ళ మీద మంచు దిగింది. దూరాన ఒక లాంతరు మసగ్గా కనిపించింది. తాత అటే గెడ వేశాడు. ఎంత వేసినా లాంతరు దగ్గరికి రాదే! ఓసారి ఎడమకి పోతుంది, ఓసారి కుడికి పోతుంది. అప్పుడు ఢామ్మని దోనె దేనికో గుద్దుకుంది. "గ్యాక్ గ్యాక్" అని ఒకటే గోల. చూస్తే బాతులు మేపే సూరన్న దోనె!

"అదేంటి, మీరు మన రేవు కాదా?" అన్నాడు సూరన్న.

"నువ్వు కాదట్రా?" అన్నాడు తాత.

వీళ్ళు అతని లాంతరు చూసి, అతను వీళ్ళ లాంతరు చూసి, ఒకరి చుట్టూ ఒకరు గానుగెద్దుల్లా తిరిగారన్నమాట!

ఎలాగో తడుముకుంటూ ఇల్లు చేరేసరికి రేవులో అమ్మలంతా కంచాలు మోగిస్తూ, పిల్లల పేర్లు పెట్టి పిలుస్తూ ఏడుస్తున్నారు. నాంచారి నాన్న, ఊరిపెద్ద ఏడుకొండలు ముందుకొచ్చాడు. "రేపట్నుంచి ఆడపిల్లలకి బడి లేదు. మగపిల్లలు పోతారు."

"ఏం నాన్నా, మంచు మగపిల్లల్ని చూసి పక్కకి తప్పుకుంటుందా?"

అందరూ నవ్వారు. ఏడుకొండలు నవ్వలేదు. "దారి తెలిసినోళ్ళు దోనెలో ఒక్కరుంటే అప్పుడు మాట్లాడు."

"నేను తెలుసుకుంటే?"

"ఈ వారం పోయి తెలుసుకో. లేదంటే మళ్ళీ దోనెక్కకు."

ఆ తర్వాత నాంచారి రత్నకుమారి టీచర్ని పట్టుకుంది. "దారి నేర్పండి టీచర్!" టీచర్ దారి చెప్పలేదు. చేతికో పుల్ల ఇచ్చింది. "ఎండలో పాతి, నీడ కొసన రాళ్ళు పెడుతూ ఉండు." పిల్లలు పొద్దున్నుంచీ రాళ్ళు పెట్టారు. మధ్యాహ్నానికి నీడ అన్నిటికంటే పొట్టిదైంది. "చలికాలంలో ఈ పొట్టి నీడ చూపేది ఉత్తరం," అంది టీచర్. నాంచారి అటు తిరిగి నిలబడి కుడిచెయ్యి చాపింది. చెయ్యి చూపిన వైపు, నీళ్ళకవతల, వాళ్ళ లంక తాటిచెట్లు! "మా ఊరు సరిగ్గా తూర్పు!" అని ఎగిరి గంతేసింది.

అప్పుడు ఒక సూదిని అయస్కాంతానికి ఒకే వైపు రుద్ది, చిన్న ఎండుటాకు మీద పెట్టి, గిన్నెలో నీళ్ళ మీద వదిలారు. ఆకు ఊగింది, తిరిగింది, సూది మొన ఆ పొట్టి నీడ చూపిన వైపే ఆగింది. ఎండ లేనప్పుడు ఇదీ తోడు.

ఆ తర్వాత టీచర్ అట్టపెట్టెకి చిల్లులు పొడిచి వెలుతురుకి పట్టింది. వరుసగా మూడు చుక్కలు. "గొల్లాయన భుజాన కావడిలా ఉన్నాయా? ఇదే గొల్లకావడి. ఈ రోజుల్లో చీకటి పడగానే తూర్పున లేస్తుంది."

"సూది ఉందిగా టీచర్, చుక్కలెందుకు?"

"గిన్నె ఒలికితే?"

వారం చివరి రోజు. మళ్ళీ మంచు. నాంచారి గిన్నె ఒళ్ళో పెట్టుకుని, "తాతా, కాస్త కుడికి" అంటూ కూర్చుంది. ఇంతలో దోనె గుర్రపుడెక్క మొక్కల్లో చిక్కి ఒక్క కుదుపు కుదిపింది. గిన్నె బోల్తా పడింది. సూది నీళ్ళపాలు.

సరిగ్గా అప్పుడే ఎడమవైపు లాంతరు కనిపించింది. "అదిగో రేవు!" అని పిల్లలు కేకేశారు. తాత గెడ అటు తిప్పబోయాడు. ఇవాళ దారి తప్పితే నాంచారికి బడి లేదు. తనకే కాదు, పక్కన కూర్చున్న ఏ ఆడపిల్లకీ లేదు. తలెత్తి చూసింది. మంచు అంతా నీళ్ళ మీదే ఉంది. పైన ఆకాశం తేటగా ఉంది. ఎదురుగా మూడు చుక్కలు.

"తాతా, అటొద్దు."

"కళ్ళెదుట దీపముంటే ఆకాశంలోకి పొమ్మంటావేంటే?"

"దీపం నడుస్తుంది తాతా. మొన్న నడవలేదా? చుక్కలు పైకెక్కుతాయి గానీ, మన లాంతరు చూసి మన చుట్టూ తిరగవు."

తాత ఆగాడు. సూరన్న బాతులు గుర్తొచ్చినట్టున్నాయి. గెడ తూర్పుకే వేశాడు.

ఆ లాంతరు వెనకపడింది. వెనకపడి, వీళ్ళ వెంటే రావడం మొదలెట్టింది! కాసేపటికి దోనె ముక్కు రేవు రాళ్ళకి తగిలింది. ఆ తర్వాత వెనక దోనె కూడా వచ్చి ఆగింది. అందులో ఎవరు? ఏడుకొండలు. కూతుర్ని వెతకబోయి, తనే దారి తప్పి, వీళ్ళ దీపం పట్టుకుని వచ్చాడు.

"రేవనుకున్నా," అన్నాడు మెల్లిగా.

నాంచారి మంచుకి తడిసిన నాన్న చెయ్యి పట్టుకుంది. ఆయన తలెత్తాడు.

"ఏవే ఆ చుక్కలు? నాకూ చూపించు."

మర్నాడు దోనెలో ఒక్క ఆడపిల్లా తగ్గలేదు.

కథ వెళ్ళింది కంచికి,
కావడెక్కింది మింటికి,
దోనె చేరింది ఇంటికి,
నిద్దరొచ్చింది కంటికి!

ఆగండాగండి, అప్పుడే కళ్ళు మూయకండి. నేను చెప్పానని నమ్మేస్తారా? రేపు పెరట్లో పుల్ల పాతి నీడ కొలవండి. ఇప్పుడు మాత్రం లేవండి, తూర్పు కిటికీ తీయండి. ఆ మూడు చుక్కలు ఈపాటికి కాస్త పైకెక్కి ఉంటాయి. మీ కళ్ళతో మీరే వెతకండి.