ఈగలు తోలిన కదిరెక్క

అనగనగా, మీ ముత్తాతకు ముత్తాత ఇంకా పాలపళ్ళతో కిలకిలా నవ్వుతున్న కాలంలో, రాళ్ళు మెత్తగానూ మనుషులు గట్టిగానూ ఉన్న రోజుల్లో, రాయనిగుట్ట మీద ఒక కోట ఉండేది. ఊ కొట్టేవాళ్ళు ఊ కొట్టండి, కొట్టనివాళ్ళు కునుకు తీయండి. కథ మాత్రం ఎవరికోసమూ ఆగదు.

ఆ కోటకు పాలెగాడు హంపనాయుడు. ఆయన మీసం ఎంతంటే, ముందు మీసం సభలోకి వచ్చి కూర్చునేది, అరగంటకు నాయుడు వచ్చేవాడు. ఆయన భార్య నాగసానమ్మ. ఆమె గొంతు ఎంతంటే, కోటలో నిలబడి ‘ఎవరక్కడ?’ అంటే మూడు ఊళ్ళ అవతల కుండలు పగిలేవి. కుమ్మరివాళ్ళు ఆమె పేరు చెప్పుకుని పొద్దున్నే దండం పెట్టుకునేవాళ్ళు, ఆమె వల్ల బేరం అంత బాగుండేది మరి.

వాళ్ళకు రెండు గుర్రాలు. తెల్ల గుర్రం పేరు పాలకంకి, నల్ల గుర్రం పేరు మిరియం. అవి పరుగందుకుంటే వాటి నీడలు వెనకబడిపోయి, దారి అడుక్కుంటూ మర్నాటికి ఇల్లు చేరేవి.

ఇక రాయనిగుట్ట ఈగలు! ఒక్కొక్కటి పిచ్చుకంత. ఎండాకాలంలో అవన్నీ ఒక్కసారి లేస్తే పట్టపగలు దీపాలు పెట్టుకునేవాళ్ళు. గుర్రాల కళ్ళ నీళ్ళంటే వాటికి బెల్లప్పాకం.

ఆ ఈగలు తోలడానికి కోటలో ఒక మనిషి ఉండేది. ఆమే కదిరెక్క. పని లేనివాణ్ణి చూసి ‘ఈగలు తోలుకుంటున్నాడు’ అంటాం గదా, కదిరెక్కకు అదే పని, అదే కూడు. పొద్దున్నే ఈతాకు విసనకర్ర పట్టుకుని రెండు గుర్రాల మధ్య నిలబడేది. ఇటొక విసురు, అటొక విసురు. ఇటొక విసురు, అటొక విసురు. అందుకు పూటకో సంగటి ముద్ద పెట్టేవాళ్ళు.

ఆమెకు మొగుడు లేడు, బిడ్డలు లేరు, తోడబుట్టినవాళ్ళు లేరు. ఆ గుర్రాలు రెండూ తల్లులు పోయిన పిల్లలుగా చేతికొస్తే, మేకపాలు పట్టి పెంచింది. ఆమెకున్న చుట్టాలు అవే.

వంటసాల తిప్పక్కకు ఆమెను చూస్తే నోరు ఊరుకునేది కాదు.

“ఏమ్మే కదిరెక్కా, గుర్రాల ఈగలు నువ్వు తోలతావు. నీ ఈగలు ఎవరు తోలతారే?”

“నా మీద వాలడానికి ఏముంది తిప్పక్కా? ఎముకల గూడు చూసి ఈగే జాలిపడి, నాకేదన్నా పెట్టి పోతుంది.”

అందరూ నవ్వేవాళ్ళు. ఆమె అందరికంటే ఎక్కువ నవ్వేది. కానీ ఆ మాట చెవిలో దూరి అక్కడే కూర్చుండిపోయేది.

కదిరెక్క దగ్గర ఒక రహస్యం ఉంది. మీకు చెప్తాను, కోటలో ఎవరికీ చెప్పకండి. మిట్టమధ్యాహ్నం ఎండ దంచేటప్పుడు ఆమె గడ్డివామిని ఆనుకుని చక్కగా నిద్రపోయేది. గురక పెట్టి మరీ నిద్రపోయేది. మరి ఈగలు? గుర్రాలు రెండూ పక్కపక్కన నిలబడేవి. ఒకటి తూర్పు ముఖం, ఒకటి పడమటి ముఖం. దీని తోక దాని ముఖం దగ్గర, దాని తోక దీని ముఖం దగ్గర. దాని ఈగలు ఇది తోలేది, దీని ఈగలు అది తోలేది. పొద్దున గడ్డి కోసం కరుచుకున్నా, కాళ్ళతో తన్నుకున్నా, మధ్యాహ్నానికి మాత్రం అలాగే నిలబడేవి. గుర్రం తప్పెవరిదని అడగదు. ఈగ ఎవరి మీద వాలిందో చూస్తుంది.

‘నా పని గుర్రాలే చేసుకుంటాయని తెలిస్తే నాకు సంగటి ఎవరు పెడతారు?’ అని కదిరెక్క ఆ సంగతి కొంగున ముడేసి దాచుకుంది.

ఇలా ఉండగా ఒకరోజు నాగసానమ్మ భర్తకు ఉలవకట్టు వడ్డించింది. మర్నాడూ ఉలవకట్టే. మూడో నాడూ ఉలవకట్టే.

నాయుడికి మీసం లేచింది. “ఏమే, ఉలవలు గుర్రాలకు పెడతారు. నేను గుర్రాన్నా?”

“గుర్రమైతే ఎంత బాగుండేది! గుర్రం చెప్పిన మాట వింటుంది.”

“నీకంటే గుర్రమే నయం. అరవదు.”

“తమరికంటే కూడా నయమే. దానికి మీసం లేదు.”

చూశారా, అంతవరకూ ఉలవల మీద ఉన్న తగవు మీసం మీదికి వచ్చింది. పాలెగాడి మీసమంటే మాటలా? ఆయన కులదేవర మీద ఒట్టేశాడు. “ఇక నీ ముఖం చూస్తే ఒట్టు!” ఆమె ఆయన కంటే గట్టిగా ఒట్టేసింది. “తమరి ముఖం నేను చూస్తే ఒట్టు!” ఆ ఒట్టుకు మూడు ఊళ్ళు కాదు, ఆరు ఊళ్ళ కుండలు పగిలాయి.

తెల్లారేసరికి కోట మధ్య మట్టిగోడ లేచింది. సభ సగం, వంటసాల సగం, గుర్రపుసాల సగం. రోకలి ఇటు, రోలు అటు. మిరియం నాయుడి వైపు, పాలకంకి నాగసానమ్మ వైపు. పంచడానికి కుదరనివి మూడే మిగిలాయి. ఒకటి ఆకాశం, రెండోది పొయ్యి పొగ, మూడోది కదిరెక్క.

పాపం, ఆమె పొద్దంతా కోట చుట్టూ తిరిగి ఇటూ అటూ పరిగెత్తేది. ఇక్కడొక విసురు, అక్కడొక విసురు. ఒక గుర్రం దగ్గర ఉంటే ఇంకో గుర్రం కళ్ళ మీద ఈగలు సంతలు పెట్టేవి. మధ్యాహ్నమైతే రెండు గుర్రాలూ గోడకు ఆనుకుని నిలబడి, పక్కన తోక లేక, తోక పక్కన ముఖం లేక, మట్టిని వాసన చూసేవి. కళ్ళు వాచాయి. ముందు గడ్డి మానేశాయి, తర్వాత ఉలవలు మానేశాయి, చివరికి నీళ్ళు మానేశాయి.

వైద్యులు వచ్చారు. మొదటివాడు పసరు పిండాడు. మిరియం తుమ్మింది. వైద్యుడు ఎగిరి పక్క ఊళ్ళో పడ్డాడు, అక్కడే పెళ్ళి చేసుకుని స్థిరపడ్డాడు. రెండోవాడు వేపమండలు ఊపుతూ మంత్రం పాడాడు. పాట బాగుందని మూడు కొండల ఈగలు వినడానికి వచ్చాయి. మూడోవాడు బెల్లం ముద్ద పెట్టాడు. గుర్రాలు ముట్టలేదు, ఈగలు తిని ఇంకొంచెం పెట్టమన్నాయి.

నాలుగో రోజు నాయుడు కదిరెక్కను పిలిచాడు. “మూడు పొద్దుల్లో నా గుర్రం మేత ముట్టకపోతే నిన్ను గుట్ట దించేస్తాను.” ఆమె గోడ చుట్టి అటు పోతే నాగసానమ్మ కూడా అదే మాట అంది. తగవులో కూడా ఆ మొగుడూ పెళ్ళాల మాట ఒక్కటే.

కదిరెక్క గోడకు ఆనుకుని కూర్చుంది. కొంగు ముడి చూసుకుంది. ముడి విప్పితే పని పోతుంది. విప్పకపోతే గుర్రాలు పోతాయి. ఎంతసేపు ఆలోచించిందనుకున్నారు? ఏడు రోజులా? కాదు. ఒక్క విసురు పట్టేంతసేపు. లేచి నాయుడి దగ్గరికి పోయింది.

“సామీ, నేను తోలిన ఈగలు సగమే. మిగతా సగం గుర్రాలే ఒకదానికొకటి తోలుకునేవి. నేను నిద్రపోయేదాన్ని.”

“నా సంగటి తిని ఇన్నేళ్ళూ నిద్రపోయావా?”

“పోయాను సామీ. గురక కూడా పెట్టాను.”

“అయితే గుర్రం బతికితే నీకు పని లేదు గదే?”

“లేదు సామీ.”

“చస్తే?”

“అప్పుడూ లేదు.”

“మరెందుకు చెప్పావు?”

“నా పని పోయినా గుర్రాలుంటాయి గదా సామీ.”

నాయుడు మీసం దువ్వడం ఆపాడు. “ఏం కావాలి?”

“గోడకు ఒక కంత. తోక పట్టేంత చాలు.”

“ఆమె గుర్రం తోక నా వైపుకు రావడమా! నా ఒట్టు ఏం కావాలి?”

“ఒట్టు ముఖానికి గదా సామీ. తోకకు ముఖమెక్కడిది?”

నాయుడు మూడుసార్లు ఆలోచించాడు. మూడుసార్లూ ఆమె మాటే సరిగ్గా ఉంది. కంత పడింది. అటునుంచి పాలకంకి తోక వచ్చి మిరియం ముఖం మీద ఇటొక విసురు, అటొక విసురు. మిరియం గుక్కెడు నీళ్ళు తాగింది.

రెండో పొద్దున కదిరెక్క నాగసానమ్మ దగ్గరికి పోయింది.

“తల్లీ, అయ్యగారి గుర్రం నీళ్ళు తాగింది.”

“ఆయన గుర్రం తాగి నా గుర్రం తాగకపోవడమా! నాకూ కంత కొట్టించు. ఆయన కంత కంటే పెద్దది!”

గుర్రం పొడవంత దూరంలో రెండో కంత పడింది. మిరియం తోక అటు వెళ్ళింది. ఇటొక విసురు, అటొక విసురు. పాలకంకి గుప్పెడు ఉలవలు తింది.

మూడో పొద్దున ఇటు నాయుడు, అటు నాగసానమ్మ, ఎవరి గుర్రాన్ని వాళ్ళు చూసుకోవడానికి సాలకు వచ్చారు. అప్పుడు మిరియానికి వీపు దురద పుట్టింది. గోడకేసి రుద్దుకుంది. అవతల నుంచి పాలకంకి కూడా రుద్దింది. రెండు కంతల గోడ ఎంతసేపు నిలుస్తుంది? దభీమని కూలింది. ఆ దుమ్ము తగ్గడానికి మూడు నెలలు పట్టిందంటారు, పోనీ, మూడు గడియలనుకోండి.

దుమ్ములో నాయుడు గబుక్కున తలపాగా కళ్ళ మీదికి లాక్కున్నాడు. నాగసానమ్మ కొంగు ముఖాన కప్పుకుంది. ఒట్టు మరి! చేతులు రెండూ ఆ గుడ్డలు పట్టుకోవడానికే సరిపోయాక ఈగలకు పండగే. ఆయన మీసం మీద ఊయలలూగాయి, ఆమె ముక్కుపుడక మీద బారులు తీరాయి.

“కదిరెక్కా! తోలవే!” అన్నాడు నాయుడు.

“ముందు నావి తోలవే!” అంది నాగసానమ్మ.

కదిరెక్క కదల్లేదు. “నాకు పని లేదన్నారు గదా సామీ.”

“మరి మేమేం చేసి చావాలి?”

“గుర్రాలు ఏం చేస్తున్నాయో అదే. ముఖం చూడం అన్నారు గాని, పక్కన నిలబడం అని అనలేదు గదా.”

ఆయనను తూర్పు ముఖంగా నిలబెట్టింది. ఆమెను పడమటి ముఖంగా, భుజం పక్కన భుజం వచ్చేట్టు నిలబెట్టింది. చెరొక విసనకర్ర చేతిలో పెట్టింది. “ఇక మీ ఈగలు మీరు తోలుకోవద్దు. ఆమెవి మీరు, మీవి ఆమె.”

చూడకుండా విసరడం అంత సులువా? మొదటి విసురు ఆయన ముక్కుకు తగిలింది.

“అబ్బా! నా మీసం!”

“నేను చూడలేదు. ఒట్టేశాను గదా.”

రెండో విసురు ఆమె కొప్పు ఊడదీసింది.

“నా కొప్పు!”

“నేనూ చూడలేదు.”

మూడో విసురుకు చెయ్యి కుదిరింది. ఇటొక విసురు, అటొక విసురు. చల్లగా గాలి వచ్చింది. కాసేపటికి నాయుడు తూర్పు దిక్కుతో అన్నట్టు అన్నాడు.

“నీ వైపు ఈరోజు ఏం వండారు?”

నాగసానమ్మ పడమటి దిక్కుకు చెప్పింది. “ఉలవకట్టు.”

“రోలు మీ వైపు ఉండిపోయింది. నాకు ఇన్నాళ్ళూ కారం లేని అంబలే. కొంచెం ఆ ఉలవకట్టు పోయించరాదా?”

“గుర్రాలకు పెట్టేది గదా?”

“ఇప్పుడు మనం ఎట్లా నిలబడ్డామే మరి?”

నాగసానమ్మ నవ్వింది. ఆ నవ్వుకు ఒక్క కుండ పగల్లేదు. కుమ్మరివాళ్ళు కంగారుపడ్డారు.

వాళ్ళు ఒట్టు తీసి గట్టున పెట్టిందెప్పుడో ఎవరికీ తెలియదు. అడిగితే ‘ఒట్టు మీదే ఉన్నాం’ అనేవాళ్ళు. మరుసటి ఏడు కవలపిల్లలు పుట్టారు. ముఖాలు చూసుకోకుండానే పుట్టారట. నమ్మండి.

“కదిరెక్కా,” అన్నాడు నాయుడు, “గుర్రాలకు నువ్వు అక్కర్లేదు. మనుషులకు కావాలి. కోటలోనే ఉండు.”

ఆ రోజునుంచి తగవులన్నీ గుర్రపుసాలకే వచ్చేవి. ముఖాలు చూసుకోని అన్నదమ్ములు వచ్చారు. మాటల్లేని అత్తాకోడళ్ళు వచ్చారు. కోడిపెట్ట కోసం పదేళ్ళు కొట్టుకున్న ఇరుగుపొరుగులు వచ్చారు. కదిరెక్క ఎవరి తప్పూ అడగలేదు. తూర్పు ముఖం ఒకరిని, పడమటి ముఖం ఒకరిని నిలబెట్టి చెరొక విసనకర్ర ఇచ్చేది. తాను గడ్డివామిని ఆనుకుని హాయిగా నిద్రపోయేది. లేచేసరికి వాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ ఉండేవాళ్ళు. పెళ్ళాంతో పోట్లాడిన తిప్పక్క కొడుకు కూడా వచ్చి నిలబడ్డాడు.

నూట ఇరవై ఏళ్ళకు కదిరెక్క పోయింది. లెక్క తెలిసినవాళ్ళు నూట నలభై అంటారు. ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం, గడ్డివామి పక్కనే, నిద్రలోనే. గురక ఆగినప్పుడుగాని ఎవరికీ తెలియలేదు. ఆమెను సాల ముందు పడుకోబెట్టారు. ముసలి తిప్పక్క విసనకర్ర తీసుకుని ఏడుస్తూ వచ్చింది, “నీ ఈగలు నేను తోలతానే” అంటూ.

తిప్పక్కకు ఆ అవసరం రాలేదు. పాలకంకి మనవరాలు, మిరియం మనవడు కట్లు తెంపుకుని వచ్చాయి. ఆమెకు ఇటొకటి, అటొకటి నిలబడ్డాయి. ఒకటి తూర్పు ముఖం, ఒకటి పడమటి ముఖం. పొద్దు వాలేదాకా మేత ముట్టలేదు, నీళ్ళు ముట్టలేదు. ఇటొక విసురు, అటొక విసురు. ఇటొక విసురు, అటొక విసురు. పిచ్చుకంత ఈగలున్న రాయనిగుట్ట మీద, ఆ పూట ఆమె ముఖం మీద ఒక్క ఈగ వాలలేదు. ఇందులో మాత్రం ఒక్క అక్షరం పెంచలేదు.

ఇప్పటికీ ఆ గుట్ట కింది ఊళ్ళలో పెళ్ళి జరిగితే, తలంబ్రాలు అయ్యాక పెళ్ళికొడుకును తూర్పు ముఖంగా, పెళ్ళికూతురిని పడమటి ముఖంగా పక్కపక్కన నిలబెడతారు. చెరొక ఈతాకు విసనకర్ర ఇస్తారు. మూడు విసుర్లు విసరాలి. మొదటిది ముక్కుకు తగలకపోతే ఆడవాళ్ళు ఒప్పుకోరు, మళ్ళీ విసరమంటారు.

అక్కడ పెద్దవాళ్ళ కాళ్ళకు మొక్కితే సిరిసంపదలు కలగాలని దీవించరు. “ఈగలు తోలుకుంటూ బతకండి నాయనా” అంటారు. పొరుగూరి నుంచి వచ్చిన చుట్టాలు, ఇదేం దీవెనమ్మా, పనీ పాటా లేకుండా పొమ్మని శపిస్తున్నారా అని ముఖం మాడ్చుకుంటారు. అప్పుడు వాళ్ళను కూర్చోబెట్టి, ఒక గిన్నెలో ఉలవకట్టు పోసి, ఈ కథ చెప్తారు.