ఎవరో వేసిన గుప్పెడు

మాణిక్యమ్మ మేడమ్‌ను ఏదైనా అడిగితే జవాబు వెంటనే రాదు. ముందు చేతికి బుట్ట వస్తుంది. జూనియర్ కాలేజీలో ఏళ్ళ తరబడి వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన ఆవిడ, ఇప్పుడు జహీరాబాద్ పక్క పల్లెలో ఉంటూ, చేల గట్ల మీద ఎవరూ విత్తకుండానే మొలిచే ఆకుకూరలను గుర్తుపట్టడం నేర్పుతున్నారు. నెలకో ఆదివారం మాలాంటి వాళ్ళం కొందరం పట్నం నుంచి వెళ్తాం. బోలెడు ప్రశ్నలు మూటగట్టుకుని వెళ్తాం గానీ, చాలామందిమి బుట్ట మోసి తిరిగొస్తాం.

మా అందరిలోకీ శ్రద్ధగా నేర్చుకున్నది స్వరూప. నేర్చుకున్నదంతా ఒక బ్లాగులో రాస్తుంది. ఏ ఆకు ఎక్కడ మొలుస్తుంది, దాన్ని ఎలా వండాలి, దేని జోలికి పోకూడదు. ఆ బ్లాగు చదివేవాళ్ళు కొద్దిమందే. కానీ వాళ్ళు చదివి ఊరుకోరు, వండుకుని తింటారు. పిల్లలకూ పెడతారు.

ఆ ఆదివారం స్వరూప ఒక ప్రశ్నతో వచ్చింది.

"మేడమ్, ఒకాయన నెల సంది మెయిళ్ళ మీద మెయిళ్ళు పెడుతున్నడు. ఆయన సైటు లింకు నా బ్లాగుల పెట్టాల్నట."

ఆ మెయిలు నాకూ చూపించింది. 'డియర్ సర్' అని మొదలైంది. మీ రచనలు ఎంతో ఇష్టంగా చదువుతున్నాం అని పొగిడిన ఆ పెద్దమనిషికి, రాసేది ఆడమనిషి అని కూడా తెలియదు. వాళ్ళ సైటు తెరిచి చూశాను. 'మేలైన ఆకు పొడులు' అని ఒక పేజీ ఉంది. అన్ని పొడులకూ ఒకటే పొగడ్త, పేర్లు మాత్రం మార్చారు. ప్రతిదాని కిందా 'ఇప్పుడే కొనండి' అని ఒక ఎర్ర బటన్. అది నొక్కి ఎవరైనా కొంటే వాళ్ళకు వాటా వస్తుంది. ఆ పొడుల్లో ఒక్కటైనా వాళ్ళు నోట్లో వేసుకున్న జాడ లేదు. నాకైతే ఒళ్ళు మండిపోయింది.

స్వరూపకు మండలేదు. ఆమెకు మొహమాటం ఎక్కువ. "పాపం, మళ్ళమళ్ళ అడుగుతున్నడు మేడమ్. కాదంటే ఏమనుకుంటడో. ఒక మూలకు చిన్న లింకు పెడితే ఏం పోతది?" అంది.

మేడమ్ ఆమె చేతికి బుట్ట ఇచ్చారు. "ఇది మంజులకు. కాలువ గట్టుకు పోదాం పద" అన్నారు.

మంజుల ఆ ఊరి చివరింటి కోడలు. ఏడో నెల. ఒంట్లో రక్తం బాగా తక్కువగా ఉందని, ఇలాగైతే కాన్పు కష్టమని ఆసుపత్రిలో గట్టిగా చెప్పారు. వాళ్ళిచ్చిన మాత్రలు వేసుకుంటూనే, రోజు విడిచి రోజు మేడమ్ పంపే పొన్నగంటి కూర వండుకుంటోంది.

కాలువ గట్టున అందరం వంగి పొన్నగంటి చిగుళ్ళు గిల్లాం. ఎండ ముదిరే వేళకు బుట్ట ముప్పాతిక నిండింది. మాతో ఆ రోజు కొత్తగా వచ్చిన ఒకాయన ఉన్నారు. మంచి మనిషే. ఆకుల కంటే తన ఫొటోలే ఎక్కువ తీసుకున్నారు, అంతే. ఆయన మా వెంట ఉండకుండా తనకు తోచిన చోటల్లా తిరిగి ఒక సంచి నింపుకొచ్చారు. తిరిగి పట్నం బయల్దేరుతూ, అంత ఆకు ఏం చేసుకోవాలో తెలియక, స్వరూప దగ్గరకు వచ్చి, "ఇది కూడా వేసేయండి. గర్భిణికి పెడితే నాకూ కాస్త పుణ్యం" అని నవ్వుతూ ఒక గుప్పెడు బుట్టలో వేసి, కారెక్కి వెళ్ళిపోయారు. వద్దనడానికి స్వరూపకు నోరు రాలేదు.

మేడమ్ వచ్చి బుట్టలోకి చూశారు. "నిండిందే. పైన వేసింది ఎవరు?"

స్వరూప చెప్పింది.

"ఎక్కడ కోశాడు?"

"అడుగలేదు మేడమ్. కానీ పొన్నగంటే. నేను చూసిన."

మేడమ్ గట్టుకు అవతలున్న పత్తి చేనివైపు చూశారు. పొద్దున్నే మందు కొట్టినట్టున్నారు. చేని అంచున మందు కలిపిన డ్రమ్ము ఇంకా అక్కడే ఉంది, ఘాటు వాసన మా దాకా వస్తోంది. ఆ చేని గట్టు మీదా పొన్నగంటి గుబురుగానే ఉంది.

స్వరూప వెంటనే ఆయనకు ఫోన్ చేసి, స్పీకరు పెట్టి, ఎక్కడ కోశారని అడిగింది. "అక్కడేనండీ, దారి పక్కన ఎక్కడో! చాలా బాగా జరిగింది ప్రోగ్రాం, మీ మేడమ్ గారికి చెప్పండి" అని ఉత్సాహంగా జవాబు వచ్చింది.

ఆమె తువ్వాలు పరిచి, బుట్ట కుమ్మరించి, ఏరడానికి కూర్చుంది. ఒక రెమ్మ ఇటు పెడుతుంది, మళ్ళీ తీసి అటు పెడుతుంది. బుట్టతో అటూ ఇటూ తిరిగిన కుదుపులకు అంతా కలిసిపోయింది. ఎటు చూసినా అదే ఆకు, అదే పచ్చదనం. చివరికి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది.

"మనం కోసిందే ఎక్కువుంది మేడమ్" అంది.

"అవును" అన్నారు మేడమ్.

"పోనీ మేకలకు వేద్దామా?"

"మేకలేం పాపం చేశాయి?"

గట్టు కింద గుంట తీసి మొత్తం ఆకును పూడ్చేశాం. మళ్ళీ కోద్దామంటే కాలువ పక్కన చిగురు మిగల్లేదు.

ఖాళీ బుట్టతోనే మంజుల ఇంటికి వెళ్ళాం. పొయ్యి మీద కడాయి అప్పటికే వేడెక్కుతోంది. ఉల్లిపాయలు తరిగి, వెల్లుల్లి దంచి పక్కన పెట్టుకుని, ఆ అమ్మాయి ఆయాసపడుతూ గోడకానుకుని కూర్చుని ఉంది. మేడమ్ గడప దగ్గరే ఆగిపోయారు. చెప్పాల్సింది స్వరూపే.

"ఇయ్యాల కూర లేదు మంజులా. తప్పు నాదే. వేరేవాళ్ళ ఆకు కలిసింది. అది యాడిదో నాకు తెల్వది. అందుకే అంత పారబోసినం."

మంజుల ఖాళీ బుట్టవైపు చూసి, పొయ్యి ఆర్పింది. "అయ్యో, మంచిగ చెప్పినవ్ అక్కా. నేనైతే చూస్తనా? మీరు తెచ్చిందాయె, కడిగి ఏసేద్దును" అని నవ్వింది. నవ్వుతూనే కడుపు మీద చెయ్యి వేసుకుంది.

నేను తల తిప్పుకున్నాను. అక్కడ నిలబడటం నా వల్ల కాలేదు. ఆ పూట ఆ అమ్మాయి ఉత్త పప్పుతోనే తింటుంది. అదీ మావల్లే.

తిరిగి వస్తుంటే దారిలో స్వరూప ఫోను మోగింది. తీసి చూసింది. మళ్ళీ ఆ మెయిలే. 'ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించండి సర్, మా లింకు సంగతి' అని ఉంది. స్వరూప దాన్ని చాలాసేపు చూస్తూ నడిచింది. తర్వాత ఫోను సంచిలో వేసుకుని, బుట్టను మేడమ్‌కు తిరిగి ఇవ్వబోయింది.

మేడమ్ అందుకోలేదు.

"నీ దగ్గరే ఉంచుకో స్వరూపా" అన్నారు. "మంజుల ఎల్లుండి కూడా చూడదు, కడిగి వేసేస్తుంది."