పొన్నంగి పిట్టకి బుల్లెమ్మ చేసిన మర్యాద

అనగనగా గోదారి కొండల్లో, నేషనల్ పార్కు అడవి అంచున ఒక చిన్న ఊరు. ఆ ఊళ్ళో బుల్లెమ్మ అని నీ అంత పిల్ల. ఊఁ కొడుతున్నావా బంగారం?

ఆ అడవికి తొలకరి ముందు ఒక చుట్టం వచ్చేది. పొన్నంగి పిట్ట! చలికాలమంతా దక్షిణాన ఎక్కడో గడిపి, మబ్బులతో పాటు ఎగిరొచ్చేది. ఆకుపచ్చ వీపు, నీలం రెక్క, ఎర్రటి పొట్ట, కళ్ళకి బారెడు కాటుక. తోక మాత్రం ఇంతే ఇంత!

ఆ ఊళ్ళో ఒక ఆచారం. పొన్నంగి ఏ ఇంటి దొడ్లో మొదట కూస్తే, ఆ ఇంటి పిల్ల చేతే తొలి విత్తనం చల్లిస్తారు. ఈసారి ఆ పిల్ల తనే కావాలని బుల్లెమ్మ పట్టు.

చుట్టం వస్తుంటే ఏం చేస్తాం? ఇల్లు ఊడుస్తాం. బుల్లెమ్మ దొడ్డంతా అద్దంలా ఊడ్చింది. ఆకులన్నీ ఎత్తి అవతల పారబోసింది. పొన్నంగి వచ్చింది, చూసింది, వెళ్ళిపోయింది.

ఆ తర్వాత పేడనీళ్ళు చల్లి ముగ్గు పెట్టింది. పొన్నంగి వచ్చింది, చూసింది, వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ముగ్గు మధ్యలో గుప్పెడు నూకలు పోసింది. నూకలు కోళ్ళు తిన్నాయి. పొన్నంగి నేరుగా పక్కింటి కన్నమ్మత్త దొడ్లో వాలింది. ఇంకా కూయలేదు గానీ, ఏ క్షణాన కూస్తుందో!

బుల్లెమ్మకి ఏడుపొచ్చింది. "చీపురు ఎరగని దొడ్డి నీది! దానికి అక్కడేం నచ్చిందత్తా?"

కన్నమ్మత్త పడీపడీ నవ్వింది. "నాకేం తెలుసే? బద్ధకస్తుల ఇల్లే చుట్టాలకి హాయేమో! వచ్చి చూసుకో."

అప్పుడు బుల్లెమ్మ కంచె సందులోంచి చూసింది. పొన్నంగి గెంతుతోంది. ముక్కుతో ఒక ఎండుటాకు తిరగేసింది, పురుగు దొరికింది. ఇంకో ఆకు తిరగేసింది, వానపాము దొరికింది.

"అయ్యో! చుట్టం ముందు విస్తరి నేనే ఎత్తేశానే!" అంది బుల్లెమ్మ.

పరుగున పోయి, పారబోసిన ఆకులన్నీ గంపకెత్తి దొడ్లో పరిచింది.

"ఊడ్చిన చెత్త మళ్ళీ తెచ్చి పోస్తావేంటే, పిచ్చిదానా!" అని వాళ్ళమ్మ అరిచింది.

"చెత్త కాదమ్మా, బువ్వ!"

మర్నాడు తెల్లారేసరికి మబ్బు కమ్మింది. పొన్నంగి గెంతుకుంటూ బుల్లెమ్మ దొడ్లోకి వచ్చింది. మెడ ఎత్తి "వీఁ... ట్యూ!" అని ఈల వేసింది.

ఊరంతా పరిగెత్తుకొచ్చింది. ఊరి పెద్ద సామవిత్తనాల బుట్ట పట్టుకుని, "పదవే బుల్లెమ్మా, చేలో చల్లుదువు గాని!" అన్నాడు.

బుల్లెమ్మ కదల్లేదు. పెదాల మీద వేలు పెట్టి, "కూర్చో తాతా! చుట్టం ఇంకా తింటోంది," అంది.

పెద్ద కూర్చున్నాడు. అమ్మ కూర్చుంది. కన్నమ్మత్త నవ్వాపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది. వాన మొదలైనా ఎవ్వరూ లేవలేదు.

పొన్నంగి కడుపునిండా తిని, ముక్కు తుడుచుకుని, చిట్టితోక ఆడిస్తూ అడవిలోకి పోయింది. అప్పుడు బుల్లెమ్మ అందరికంటే ముందు చేలోకి ఉరికి, తడిచేత్తో తొలి గుప్పెడు చల్లింది.

పొన్నంగి బువ్వ తిని పోయె అడవికి,
తొలివాన గంతులేసి పోయె చేనుకి,
కథేమో నడిచి నడిచి పోయె కంచికి,
కన్ను మూసి మనం పోదాం ఇంటికి!