కర్రికి పోయని పులుసు

మీ తాతల తాతలకు ఇంకా మీసాలు మొలవని కాలం. ఊరికీ ఊరికీ మధ్య దారి పడని కాలం. గొర్రెలు ఎటు నడిస్తే మనుషులూ అటే నడిచే కాలం. ఆ కాలంలో ఒక కురుమల మంద ఉండేది. ఆ మంద వెంట ఈరవ్వ అని ఒక ముసలామె తిరిగేది.

ఈరవ్వకు మొగుడు లేడు, పిల్లలు లేరు, సొంతానికి ఒక్క గొర్రె లేదు. మందపెద్ద బీరయ్య ఆమెకు మరిది, పోయిన మొగుడికి తమ్ముడు. వదినెను పస్తు పెట్టాడని నలుగురూ అంటారేమోనని ఆమెకు ఒక పని అప్పజెప్పాడు. కుక్కలకు వండి పెట్టే పని. అదీ ఒక పనేనా అని నవ్వకండి. కుక్క లేని మంద తోడేలుకు వడ్డించిన విస్తరి. ఈరవ్వకు ఆ సంగతి బాగా తెలుసు. కుక్కలు తిన్నాకే తాను తినేది.

మందకు నాలుగు కుక్కలు. పులిగాడు, ఎర్రోడు, మచ్చోడు మంద చుట్టూ తిరిగేవి. కర్రి అనే నల్ల ఆడకుక్క గొర్రెపిల్లల దొడ్డి దగ్గర కట్టుకొయ్యకు కట్టేసి ఉండేది. ఈరవ్వ జొన్నరవ్వ ఉడకేసి గటక వండి, గొర్రెపాలు పోసి, చల్లారాక కేకేసేది.

"రాండ్రి బిడ్డలూ, తిన్రి బిడ్డలూ!"

ఎంత దూరాన ఉన్నా తోకలూపుకుంటూ వచ్చేవి.

ఒక ఏడు వాన మొహం చాటేసింది. కురుమలు నల్లరేగడి పొలాలకు దిగారు, ప్రతి ఏడూ దిగినట్టే. చేలో మంద కడితే గొర్రెల పెంటతో నేల బలపడుతుంది. బదులుగా రైతు జొన్నలు ఇస్తాడు. ఆ ఏడు జొన్న నిలువునా ఎండిపోయింది. బావి కింద వేసిన ఉల్లి ఒక్కటే పండింది.

"జొన్నలు యాడికెళ్ళి తేవాలె? ఉల్లిగడ్డలున్నయి, తీస్కపోండ్రి," అన్నాడు రైతు.

ఏం చేస్తారు? తీసుకున్నారు. పొద్దున ఉల్లి, మధ్యాహ్నం ఉల్లి, సాయంత్రం ఉల్లి. నిరుడు మిగిలిన కాసిని జొన్నలు కుక్కల గటకకు దాచారు. మేత లేక గొర్రెల పొదుగులూ ఎండిపోయాయి. పిల్లల దొడ్డిలో ఈనిన గొర్రెల దగ్గర కాసిని పాలు దొరికితే అవి కర్రి గటకలోకే సరిపోయేవి. మిగతా మూడు కుక్కలకు ఉత్త గటక గొంతు దిగలేదు. మూతి పెట్టడం, మూతి తిప్పేయడం. చూడలేక ఈరవ్వ మనుషులకు కాచిన ఉల్లిగడ్డ పులుసు, ముక్కలతో సహా, వాటి గటక మీద పోసింది.

"తిన్రి బిడ్డలూ!"

తిన్నాయి. గిన్నెలు నాకి మరీ తిన్నాయి. ఈరవ్వకు పండగైంది. రోజూ పోసింది.

కొన్నాళ్ళకు పులిగాడు లేవలేదు. చిగుళ్ళు తెల్లగా పాలిపోయాయి. ఉచ్చ ఎర్రగా నెత్తురులా పోసింది. రొప్పి రొప్పి చచ్చిపోయింది. బీరయ్య చూసి, "దిష్టి తగిలింది," అన్నాడు. మిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేశారు.

తర్వాత ఎర్రోడు పడింది. అవే చిగుళ్ళు, అదే ఎర్ర ఉచ్చ, అదే రొప్పు. బీరయ్య చూసి, "పాము కుట్టింది," అన్నాడు. పుట్టలు తవ్వించాడు.

తర్వాత మచ్చోడు పడింది. ఈసారి బీరయ్య కుక్కను చూడలేదు. దాని ముందున్న గిన్నెను చూశాడు, గిన్నె పెట్టిన చేతిని చూశాడు.

ఈరవ్వ పిల్లల దొడ్డి దగ్గర కూలబడింది. కర్రి వచ్చి ఆమె ఒడిలో తల పెట్టింది. దాని పెదవి ఎత్తి చూసింది ఈరవ్వ. చిగుళ్ళు ఎర్రగా, నిండుగా ఉన్నాయి. ఇది బతికే ఉందేం? తాగేది అదే నీళ్ళు. తినేది అదే గటక. పడుకునేది అదే నేల. పులుసు ఒక్కటే దీనికి పోయలేదు.

అర్థమయ్యాక ఆమె తన చేతిని నేలకేసి కొట్టుకుంది. తోడేలుకు దొరకని బిడ్డల్ని ప్రేమగా పిలిచి మరీ చంపుకున్నానే అని ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని అందరి ముందుకూ వచ్చింది.

"బీరయ్యా, దిష్టి గాదు, పాము గాదు. ఉల్లిగడ్డ పులుసు. నా చేతుల్తోనే పోసిన. కుక్కలకు అది పడదు."

బీరయ్య నవ్వాడు.

"మనం తింటలేమా? మన పోరగాండ్లు తింటలేరా? మన కడుపుల అన్నమైంది దాని కడుపుల ఇసమెట్లైతది ఒదినె?"

"ఎట్లైతదో నాకు తెల్వది. అయింది."

మూడు కుక్కలు పోయిన సంగతి అప్పటికే తోడేళ్ళకు తెలిసిపోయింది. పొద్దు గుంకకముందే గట్టు మీద కనబడుతున్నాయి. భయపడ్డవాడికి ఎవరో ఒకరు దోషి కావాలి. చేతబడి అన్నారొకరు. పిల్లలు లేనిది కదా, కడుపుమంట అన్నారింకొకరు. బీరయ్య పులుసు గిన్నె తెచ్చి ఈరవ్వ ముందు పెట్టాడు.

"నీ మాట నిజమైతే కర్రికి పొయ్యి. అది సస్తే నిన్ను నమ్ముతం."

"నేను పొయ్య."

"పొయ్యకుంటే నువ్వు మంత్రగత్తెవని అందరంటరు."

"అననియ్యి. నేను పొయ్య."

"పొయ్యకుంటే దడి దాటి పోవాలె. నీళ్ళు లెవ్వు, నీడ లేదు."

ఈరవ్వ కర్రి వైపు చూసింది. "అది సచ్చినంక నా నిజం ఎవలకు కావాలె బీరయ్యా? నేను పొయ్య," అంది.

ఆమెను ముళ్ళ దడి అవతలికి నెట్టారు. ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. ఎవరైనా నీళ్ళిస్తే వాళ్ళకూ అదే గతి అన్నాడు బీరయ్య. వదినె గిన్నె తానే అందుకున్నాడు. కర్రి గటకలో ముక్కలతో సహా పులుసు పోయసాగాడు. ఆమె అబద్ధం బయటపెడదామని.

ఈరవ్వ ఎక్కడికీ పోలేదు. నడిస్తే ఏదో ఒక ఊరు తగిలేదే. దడిని ఆనుకుని కూర్చుంది. గటక పెట్టే వేళకు కేకేసింది.

"బీరయ్యా, కర్రికి పులుసు పొయ్యకు!"

అందరూ విన్నారు. ఎవరూ పలకలేదు. బీరయ్య పోశాడు.

మర్నాడు ఆ వేళకే మళ్ళీ కేక. గొంతు బొంగురుపోయింది. "బీరయ్యా, కర్రికి పులుసు పొయ్యకు!"

బీరయ్య కోడలు లచ్చవ్వ నీళ్ళ ముంత పట్టుకుని దడి దాకా వెళ్ళింది. మామ చూపు చూసి వెనక్కి వచ్చేసింది. ఆ ముంతను ఆమె చచ్చేదాకా మరిచిపోలేదంటారు. బీరయ్య పోశాడు.

మూడోనాడు వడగాలి. కేక కాదు, గొణుగుడు. దడి పక్కన ఉన్నవాళ్ళకే వినబడింది. "పొయ్యకు..." బీరయ్య అప్పుడూ పోశాడు.

ఆ తర్వాత కేక లేదు. అప్పటికీ కర్రి తోకాడిస్తూనే ఉంది. "సూసిర్రా?" అన్నాడు బీరయ్య, మీసం దువ్వుకుంటూ. ఇంకో రెండు పూటలు గడిచాయి. కర్రి కట్టుకొయ్య దగ్గర కూలబడింది. లచ్చవ్వ దాని పెదవి ఎత్తి చూసింది. చిగుళ్ళు తెల్లగా ఉన్నాయి. కొయ్య మొదట్లో నేల ఎర్రగా తడిసి ఉంది.

బీరయ్య గిన్నె విసిరేసి "ఒదినె!" అని అరుస్తూ చేతులతోనే ముళ్ళు పీకి దడి అవతలికి దూకాడు. ఈరవ్వ దడిని ఆనుకుని కూర్చునే ఉంది. మొహం పిల్లల దొడ్డి వైపే తిప్పి ఉంది. ఒళ్ళు కట్టెలా బిగుసుకుపోయి ఉంది.

కర్రి ఆ సాయంత్రమే పోయింది. తెల్లారేసరికి తోడేళ్ళు దడి దూకాయి. మొరగడానికి ఒక్క గొంతు లేదు. సగం మంద పోయింది, పిల్లల దొడ్డి మొత్తం పోయింది. మందవాళ్ళు ఈరవ్వనూ కర్రినీ పక్కపక్కనే పూడ్చి, మీద రాళ్ళు పేర్చారు. బీరయ్య ఆ రాళ్ళ దగ్గరే ఉండిపోయాడు. మళ్ళీ మంద వెంట నడవలేదు.

ఆ మంద వాళ్ళ బిడ్డల బిడ్డలు ఇప్పటికీ ఉన్నారు. పెళ్ళైనా చావైనా, పండగైనా పస్తైనా, కుండలో ఉల్లిగడ్డ వేయకముందే కుక్కలకు ఉత్త ముద్ద తీసి పక్కన పెడతారు. దాన్ని ఈరవ్వ ముద్ద అంటారు. ముద్ద తీసిన ఆడమనిషి ఉల్లి చేతబట్టుకుని బయటికి వినబడేలా అడుగుతుంది.

"ఈరవ్వ పిలుస్తుంది, ఇన్నరా?"

బయట కూర్చున్న మగవాళ్ళు, ముసలివాళ్ళైనా మందపెద్దలైనా, లేచి నిలబడి జవాబు చెప్పాలి.

"ఇన్నం తల్లీ, ఇన్నం."

ఆ మాట వినబడేదాకా, ఎంత ఆకలైనా సరే, ఉల్లిగడ్డ కుండలో పడదు.